మొరం పోస్తే సరిపోదు

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా 63వ నంబరు జాతీయ రహదారి వెంట ఎటు చూసినా వరి మడులే. కాకతీయ కాలువ పుణ్యమాని పొలాలు పచ్చబడ్డాయి. సంతోషమే. రోడ్డు పనులు చేయించే నాలాంటి సైట్ ఇంజనీరుకు మాత్రం ఓ చిక్కొచ్చి పడింది. పనులు జోరుగా సాగాల్సిన జనవరి, ఫిబ్రవరిలోనే యాసంగి నాట్లు. పక్క మడిలో నీళ్లు నిలిచి ఉంటే రోడ్డు కింది నేల ఆరదు. "నాలుగు రోజులు ఎండ కొట్టనీ సార్, అదే గట్టిపడతది" అంటాడు మేస్త్రి. గట్టిపడదు.

ఎర్రటి చెల్క నేల తడిసినా నీరు దిగిపోతే తేరుకుంటుంది. నల్లరేగడి అలా కాదు. దాని బంకమట్టి పొరల మధ్య నీళ్లు చేరి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఏ మట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోస్తాం. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. కిరోసిన్‌కు మట్టి ఉబ్బదు. 24 గంటలయ్యాక కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో 17 దగ్గర నిలిచిందనుకోండి, ఉబ్బు 70 శాతం. 50 దాటిన బంకమట్టిని కట్టకు వాడొద్దని జాతీయ రహదారుల నిబంధనలే చెబుతున్నాయి.

అయినా మనవాళ్లకు తెలిసిన మందు ఒక్కటే: మొరం ట్రిప్పులు. మెత్తటి బురద మీద పోసిన మొరం కిందికి దిగుతుంది, బురద పైకి ఎగదన్నుతుంది. పోసిన డబ్బులూ దాంతోపాటే దిగబడతాయి.

ముందు పక్క కాలువ తవ్వి నీటికి దారి చూపాలి. ఆ తర్వాత కాల్చిన సున్నం. 100 కిలోల సున్నం తడవడానికే 32 కిలోల నీళ్లు పీల్చుకుంటుంది. అప్పుడు పుట్టే వేడికి ఇంకొంత ఆవిరవుతుంది. మట్టి బరువులో మూడు నుంచి అయిదు శాతం చల్లి, ట్రాక్టర్ రోటవేటర్‌తో కలియదున్నితే, పొద్దున రోలర్ చక్రానికి అట్టలు కట్టిన రేగడి సాయంత్రానికి పొడిపొడిగా రాలుతుంది. బండ్లు తిరుగుతాయి, పని ఆగదు. అసలు బలం రావడానికి మాత్రం వారాలు పడుతుంది. చల్లేవాళ్లకు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మట్టిలో జిప్సంలాంటి లవణాలుంటే సున్నమే ఉబ్బు తెస్తుంది కాబట్టి ముందుగా పరీక్ష చేయించాలి.

రామగుండం థర్మల్ బూడిద దగ్గర్లోనే దొరుకుతుంది. అందులో సున్నం తక్కువ, ఒంటరిగా గట్టిపడదు. సున్నంతో కలిపితేనే పనికొస్తుంది.

సిరిసిల్లలో రేగడి మీద మరమగ్గాల షెడ్డు కట్టేవాళ్లకు దారి వేరు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపుదిద్దిన, అడుగున గడ్డలా ఉబ్బిన పైల్స్ వేయించుకోవాలి. అవి తడి, ఎండల ప్రభావం అందని లోతులో, సుమారు మూడున్నర మీటర్ల కింద పట్టు దొరకబుచ్చుకుంటాయి.

మీ ఊరికి రోడ్డు మంజూరైతే మొరం ఎన్ని ట్రిప్పులని అడక్కండి. పక్క కాలువ ఎప్పుడు తవ్వుతారో అడగండి.