ఫ్రెంచి సాహిత్యం, సినిమా – మనకెందుకు?

ఫ్రెంచి చదువుతున్నామంటే హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతారు. ఉద్యోగం వస్తుందా? ఇంగ్లీషే సరిగా రాని మనకు ఫ్రెంచి వస్తుందా? మొదటిదానికి జవాబు చిన్నదే. అనువాదం, బోధన, పర్యాటకం, విదేశీ కంపెనీలు – భాష బాగా వస్తే దారులున్నాయి, డిగ్రీ కాగితం ఒక్కటే ఉంటే లేవు.

ఇక రెండవది. ఇంగ్లీషు క్లాసులో కాన్వెంటు పిల్లలు మనకన్నా ఎన్నో ఏళ్ళు ముందుంటారు. ఫ్రెంచి క్లాసులో చాలామంది అక్షరాల దగ్గరే మొదలుపెడతారు. అయితే నిఘంటువులు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఆ బాధ పూర్తిగా తప్పదు.

ఆధునిక సాహిత్యంలో ముందుగా ఎదురయ్యే రచయితల్లో అల్బేర్ కామూ ఒకడు. 1913లో ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో పుట్టాడు. తండ్రి 1914లో యుద్ధంలో చనిపోయాడు. తల్లి ఇళ్ళల్లో పాచిపని చేసేది, ఆమెకు చదువు రాదు. లూయీ జెర్మేన్ అనే పంతులుగారు విడిగా పాఠాలు చెప్పి స్కాలర్‌షిప్ పరీక్షకు తయారుచేశారు. 1957లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు కామూ ఆ పంతులుగారికి కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు.

ఆయన నవల 'లెత్రాంజే' 1942లో వచ్చింది. 'అపరిచితుడు' అనుకోవచ్చు (శంకర్ సినిమాకూ దీనికీ సంబంధం లేదు). ఫ్రెంచిలో పుస్తకాలకే పరిమితమైన ఒక భూతకాలం ఉంది, మాటల్లో వాడేది ఇంకొకటి. కామూ ఈ నవలను ఎక్కువగా మాటల్లోని దానితోనే నడిపాడు. గిడుగు రామమూర్తిగారి వాడుకభాషా ఉద్యమం గురించి చదువుకున్న మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

అందులో కథానాయకుడు ఒక అరబ్బును కాల్చి చంపుతాడు. చచ్చినవాడికి పుస్తకం మొత్తంలో పేరు లేదు. కోర్టులో కూడా హత్యకన్నా, హంతకుడు తల్లి అంత్యక్రియల్లో ఎందుకు ఏడవలేదనేదే పెద్ద విషయమవుతుంది. పేదరికం తెలిసిన రచయితకే పక్కవాడి పేరు తోచలేదా, కావాలనే వదిలేశాడా? ఇది క్లాసులో తెగని వాదన. 2013లో అల్జీరియా రచయిత కమెల్ దావూద్ ఆ చనిపోయినవాడి తమ్ముడి చేత కథ చెప్పిస్తూ ఒక నవల రాశాడు. చనిపోయినవాడికి మూసా అని పేరు పెట్టాడు. ఊళ్ళో పేరుతో కాక కులంతో పిలిపించుకున్న కుటుంబాల నుంచి వచ్చిన మనకు, ఆ పేరు ఎందుకు ముఖ్యమో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆనీ ఎర్నో తండ్రి మొదట పాలేరు, తర్వాత ఫ్యాక్టరీ కూలీ, ఆపైన చిన్న కిరాణా, కాఫీ దుకాణం పెట్టుకున్నాడు. చదువుకుని టీచరయిన కూతురికీ ఆయనకూ మధ్య పెరిగిన దూరమే 'లా ప్లాస్' (1983) పుస్తకం. ఎక్కడా అలంకారాలు లేవు. ఆమెకు 2022లో నోబెల్ వచ్చింది. సెలవులకు ఇంటికెళ్తే నాన్నతో ఏం మాట్లాడాలో తోచకపోవడం మనలో చాలామందికి తెలుసు. అదే పరీక్షలో ప్రశ్నగా వస్తుందని మాత్రం మేము అనుకోలేదు.

సినిమా పేపరంటే హాయిగా సినిమాలు చూడడమే అనుకుంటారు. కాదు. ఒకే సన్నివేశాన్ని మళ్ళీ మళ్ళీ చూసి, కెమెరా ఎక్కడుంది, ఎవరి గొంతు వినిపిస్తోంది అని రాయాలి. మా దృష్టిలో ఇందుకు ఉస్మాన్ సెంబెన్‌ను మించిన ఉదాహరణ లేదు. సెనెగల్ నుంచి వచ్చి మార్సెయ్ ఓడరేవులో కూలిపని చేస్తూ రచయిత అయ్యాడు. తన దేశంలో చదువురాని జనానికి పుస్తకాలు చేరవని సినిమాకు మళ్ళాడు. తన కథనే 1966లో 'లా న్వార్ ద...' అనే సినిమాగా తీశాడు. ఫ్రాన్సుకు పనిమనిషిగా వెళ్ళిన జువానా అనే అమ్మాయి కథ అది. కథ ఆమె మరణం తర్వాత పోలీసుల రాకతో మొదలవుతుంది. సినిమా ఆమె ఓడ దిగడంతో మొదలవుతుంది. యజమానుల ముందు ఆమె నోట ఒకటి రెండు మాటలకు మించి రావు, ఆమె మనసులోని గొంతు మాత్రం మనకు వినిపిస్తూనే ఉంటుంది. సుమారు గంట సినిమా, హాస్టల్లో అందరూ కలిసి చూడవచ్చు.

హైదరాబాదు తార్నాకలోని ఇఫ్లూలో (2007కు ముందు సీఫెల్) ఫ్రెంచి బి.ఏ. ఉంది. ఇంటర్ చదివేవారు ప్రవేశాల నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. మొదట్లో కామూ, సెంబెన్ ఎవరూ కనబడరు. క్రియారూపాలు బట్టీ పట్టడమే సరిపోతుంది.