కాలువ మనది, బొక్కస మెవ్వరిది?

ఒకనాడు ఇస్కపల్లి, కృష్ణపట్నముల ఉప్పును, శ్రీహరికోట వంటచెరకును చెన్నపట్నమునకు మోసిన బకింగుహాము కాలువ నేడు నెల్లూరు తీరమున పలుచోట్ల పూడియున్నది. 1876-78 నాటి క్షామకాలమున ఆకలిగొన్న కూలీల చేతులతో విస్తరింపబడిన యీ జలమార్గమునకు, 1899లో పూర్తియైన మదరాసు-బెజవాడ రైలుదారి పోటీగా నిలిచెను. 1965, 1966 సంవత్సరముల తుపానులు దానిని మరింత దెబ్బతీసెను. 2008లో కేంద్రప్రభుత్వము దీనిని 4వ జాతీయ జలమార్గములో చేర్చెను. పేరు పెరిగినది గాని సరకుపడవలు తిరిగి రాలేదు.

పూడిక తీయించు భార మెవ్వరిదని గ్రామస్థు లడిగిన, సమాధాన మొక కచ్చేరీనుండి మరొక కచ్చేరీకి పోవుచుండును. రాజ్యాంగమును తెరచి చూతము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. అందు 13వ అంశము రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, బల్లకట్లు, జలమార్గములు. ఇవన్నియు పంచాయతీల కప్పగింపదగిన పనులే. అయితే అధికారములను గాని, పన్నులు విధించు హక్కును గాని రాష్ట్ర శాసనసభ ‘ఒసగవచ్చును’ అని మాత్రమే అందున్నది. ‘ఒసగవలెను’ అని లేదు. ఈ యొక్క క్రియాపదమునందే మన తీరగ్రామముల దురవస్థ యంతయు నిమిడియున్నది.

పరాయి పాలనలోని జిల్లాబోర్డులను మేము పొగడబోము. వానికి చిరకాలము కలెక్టరే అధ్యక్షుడు; వోటరులు కొలదిమంది. అయినను తంజావూరు బోర్డు రూపాయకు 3 పైల చొప్పున రైలుసెస్సు వసూలుచేసి, 1894లో మాయవరము-ముత్తుపేట మార్గమును తెరువగలిగెను. మన కృష్ణాజిల్లా బోర్డు బెజవాడ-బందరు రైలును 1908లో నడిపించెను. పరతంత్రులు చేయగలిగినది స్వతంత్రులకు అసాధ్యమా?

కృష్ణపట్నము రేవు 2008లో తెరువబడెను. దానికై 2019 నాటికి ఓబులవారిపల్లె రైలుమార్గము పూర్తియయ్యెను. కేంద్ర సంస్థలు, రాష్ట్రప్రభుత్వము, రేవు కంపెనీ మొదలగువారు కూడి దానికి మూలధనము సమకూర్చిరి. మంచిదే. అందు జిల్లాపరిషత్తునకు వాటా లేదు. ఖనిజమునకు దారి దొరికినది; రొయ్యల చెరువునుండి, ఉప్పుమడినుండి పెద్దరోడ్డు చేరుటకు గుంతలదారియే మిగిలినది. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి పిల్లలతో, వృద్ధులతో కదలవలసినదియు ఆ దారినే.

సెస్సనగానే భూస్వాములు నొసలు ముడుతురని మే మెరుగుదుము. వారి భయము నిష్కారణము కాదు. కావున రవాణానిధి ప్రత్యేకపు లెక్కలో నుండవలెను. జిల్లా ప్రణాళికాసంఘము బహిరంగముగ నిర్ణయించిన పనులకుదప్ప దానిలో పైసయైనను వ్యయము కారాదు. ప్రజ లిచ్చినంత మొత్తమును రాష్ట్రప్రభుత్వమును చేర్చవలెను. ఈ కట్టుబాట్లతో మన మొక పై యిచ్చిన, పది పైల లెక్క అడుగు హక్కు మనకు కలుగును. యాచించువానికి దారి చూపువా రుందురు. దారి వేయువా రుండరు.