ఆరోగ్య బీమా - ఒప్పందపు పనివాని సందిగ్ధము

హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ మొదలగు నగరములయందు ఒక క్రొత్త వర్గము నానాటికి పెరుగుచున్నది. వీరు ఉద్యోగులు కారు, వర్తకులును కారు. ఆరు మాసములకో, సంవత్సరమునకో ఒప్పందము వ్రాసికొని తమ విద్యను, శ్రమను విక్రయించు యువకులు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు, లెక్కలు చూచువారు, మోటారు సైకిళ్లపై భోజనపు పొట్లములు చేరవేయువారు ఈ కోవకు చెందినవారే. వీరికి పింఛను లేదు, జీతముతోడి సెలవు లేదు. జబ్బుపడిన దినమున రాబడియు లేదు. ఇట్టి యువకుడు సొంత ధనముతో ఆరోగ్య బీమా కొనవలెనా, మానవలెనా యనునది నేటి ప్రశ్న.

ఈ భారము ఒంటరి యువకుని నెత్తిన ఎట్లు పడినదో ముందుగా విచారింతము. జర్మనీలో బిస్మార్కు ప్రభుత్వము 1883లోనే పనివారికి వ్యాధి బీమా శాసనము గావించెను. బ్రిటనులో 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమయ్యెను. మన దేశమున భోరు సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, వెల యిచ్చుకొనలేని కారణమున ఎవరికిని వైద్యము లేకుండ పోరాదని సిద్ధాంతీకరించెను. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా శాసనము వచ్చెను. అందు యజమానియు, పనివాడును ఉభయులును చందా చెల్లింతురు. కాని స్వతంత్రముగా ఒప్పందము చేసికొన్నవానికి చట్టము దృష్టిలో యజమానియే లేడు. చందా చెల్లించు రెండవ చేయి లేదు. వేదికల ద్వారా పనిచేయువారిని 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి శాసనమున పేర్కొన్నమాట నిజమే. పేరు పేర్కొనుట వేరు, ఆసుపత్రి మంచము కడ ఆదుకొనుట వేరు.

బీద కుటుంబములకు ప్రభుత్వ పథకముల అండ కలదు. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వెలసినది. తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబమునకు 10 లక్షల రూపాయలకు పెంచినది. కేంద్రము 2018లో ఆయుష్మాన్ భారత్ పథకమును ఆరంభించినది. కావున బీమా కంపెనీ గడప త్రొక్కుటకు పూర్వము తన కుటుంబము వీనికి అర్హమగునో కాదో యువకుడు విచారించుకొనుట ప్రథమ కర్తవ్యము. అర్హత యున్నవాడు ప్రీమియము కొరకై అప్పుచేయ నక్కరలేదు. అర్హతకు మించిన రాబడియు, ఆపత్తునకు చాలని నిలువయు గల మధ్యతరగతి యువకునిదే అసలు చిక్కు.

"మాకు ఇరువదియైదేండ్లు, రోగ మెరుగము, కట్టిన సొమ్ము గంగలో పోసినట్లే కదా" యని యువకులు వాదింతురు. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. యౌవనమున అనేకులకు ఏటికేడు ఏమియు తిరిగి రాదు. కాని బీమా లాభమునకై చేయు వ్యాపారము కాదు. చిల్లర జ్వరములకు, మాత్రలకు జేబులోని సొమ్ము చాలును. రోడ్డు ప్రమాదమో, శస్త్రచికిత్సయో వచ్చి తండ్రి పొలమును, తల్లి నగలను ఒక్క వారములో మ్రింగకుండ కాపాడుటయే దాని ప్రయోజనము.

మరియొక కారణము కలదు. సామాన్యముగా పాలసీ తీసికొన్న మొదటి 30 దినములు ప్రమాదములకు తప్ప వ్యాధులకు బీమా వర్తింపదు. పూర్వమునుండి యున్న రోగములకు కంపెనీలు కొంతకాలము నిరీక్షింపజేయును. ఈ గడువు 48 నెలలకు మించరాదని యుండగా, బీమా నియంత్రణ సంస్థ 2024లో దానిని 36 నెలలకు తగ్గించినది. అయిదేండ్లు ఎడతెగక పాలసీ నడచిన పిమ్మట, మోసము రుజువైన సందర్భమున తప్ప, విషయము తెలుపలేదను నెపమున కంపెనీ క్లెయిమును త్రోసిపుచ్చరాదు. అనగా ఆరోగ్యముతో గడచిన సంవత్సరములే ఈ గడువులను తీర్చివేయును. మధుమేహము బయటపడిన పిమ్మట కంపెనీని ఆశ్రయించుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. అట్లని ఉన్న రోగమును దాచి సంతకము చేయుట అంతకంటె ప్రమాదము.

కొనదలచినవాడు ప్రీమియము నొక్కటే చూడరాదు. గది అద్దెకు పరిమితి యున్నదా? రోజుకు 5,000 రూపాయల పరిమితి యుండగా 10,000 రూపాయల గదిలో చేరినచో, పెక్కు పాలసీలలో గది అద్దెయే కాక వైద్యుని ఫీజు, ఆపరేషను ఖర్చు సైతము సగమునకు తెగిపోవును. బిల్లులో తన వాటా ఎంత? తన ఊరి ఆసుపత్రి కంపెనీ జాబితాలో ఉన్నదా? 2020లో ప్రవేశపెట్టిన ఆరోగ్య సంజీవని పాలసీకి ఏ కంపెనీయందైనను షరతులు ఒక్కటే. పోల్చిచూచుటకు అది మంచి కొలబద్ద. పాలసీ చేతికందిన పిదప 30 దినములలో నచ్చనిచో త్రిప్పి పంపవచ్చును. వ్యక్తిగత పాలసీలపై నుండిన 18 శాతము జీ.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుండి తొలగించిరి.

అయినను ఒక్క మాట మరువరాదు. ఈ బీమా ఆసుపత్రి బిల్లు చెల్లించును గాని పోయిన రాబడిని చెల్లింపదు. నెలదినములు మంచము పట్టిన ఒప్పందపు పనివానికి ఇంటి అద్దె ఎవరిత్తురు? కావున మూడునాలుగు నెలల ఖర్చులకు సరిపడు నిలువ కూడ అవశ్యము. రెండును సంపూర్ణముగా సాధ్యము కానిచో, చిన్న మొత్తమునకైనను పాలసీ తీసికొని, నిలువను మెల్లమెల్లగా పెంచుకొనుట మేలు.

ప్రభుత్వ పథకముల నీడ లేని ఒప్పందపు యువకుడు ఆరోగ్యముగా నుండగనే, షరతులు చదివి, తన శక్తికి తగిన పాలసీ కొనవలెననియే మా యభిప్రాయము. కాని ఇంతటితో ప్రభుత్వము తన బాధ్యత తీరినదని తలంపరాదు. ఈ యువకుల శ్రమవలన లాభించు కంపెనీలు యజమానులు కాము పొమ్మని తప్పించుకొనుట న్యాయము కాదు. చందాలో వారి వాటాను రాబట్టుట శాసనకర్తల పని. భోరు సంఘము చూపిన గమ్యము చేరువరకు యువకులు తమ యింటిని తాము కాపాడుకొనుచు, ఆ వాటాకై సంఘటితముగా అడుగుచునే యుందురుగాక.