మీకు తెలుసా? గుండె నీరసించినవాళ్లకి మొదటి పాఠం కుర్చీలోంచి లేవడం

● ఆయాసం, కాళ్ల వాపులతో ఆస్పత్రిలో చేరి ఇంటికొచ్చిన పెద్దాయన మంచం దిగబోతే హైదరాబాద్ అశోక్‌నగర్ ఇళ్లల్లోనూ అదే మాట: "మీరు లేవకండి నాన్నగారూ, నేను తెస్తాగా!" ప్రేమే, కాదనలేం. కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే 10 రోజులు మంచానికి పరిమితం చేసి చూస్తే, కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో అమెరికా పరిశోధకులు తేల్చారు. గుండె బలహీనపడ్డవాళ్ల సంగతి ఇక చెప్పాలా!

● ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి పడకే మందు. బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల ముప్పేమీ లేదని 1952లో రాశారు.

● గుండె నీరసించి, అంటే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రి పాలైన, 60 ఏళ్లు దాటిన 349 మందిపై జరిగిన 'రీహాబ్-హెచ్‌ఎఫ్' అధ్యయనం 2021లో వెలువడింది. సగం మందికి 12 వారాలు, వారానికి మూడేసి రోజులు ఫిజియోథెరపీ. నడక ఒక్కటే కాదు. కాళ్ల బలం, తూలకుండా నిలబడటం, లేచి కదలడం, దమ్ము, నాలుగూ నేర్పారు. తర్వాత పరీక్ష పెట్టారు: పాదాలు దగ్గరపెట్టి నిలబడాలి, నాలుగు మీటర్లు నడవాలి, చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవాలి. 12 మార్కులకి వీళ్లకి 8.3, మామూలు వైద్యం పొందినవాళ్లకి 6.9. మళ్లీ ఆస్పత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆ మాటా చెప్పాల్సిందే. అయినా ఒకరి చెయ్యి పట్టుకోకుండా బాత్రూంకి వెళ్లగలగడం చిన్న లాభమా?

● ఎకో (గుండె స్కాన్)లో "పంపింగ్ బాగానే ఉంది" అన్నా హార్ట్ ఫెయిల్యూర్ ఉండొచ్చు. ఆ అధ్యయనంలో సగానికి పైగా అలాంటివాళ్లే.

● మన దేశంలో ఈ జబ్బు ముందే తలుపు తడుతుంది. తిరువనంతపురం రిజిస్ట్రీలో రోగుల సగటు వయసు 61.

● ఇందిరా పార్కులో నాలుగు రౌండ్లు అనే లక్ష్యం మొదట్లోనే వద్దు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ విని ఇంటికి రావడమే లక్ష్యం అనుకోండి, మెట్లెక్కే సాధనకి ఓ అర్థం ఉంటుంది. ఎంత చెయ్యాలో మాత్రం డాక్టరే చెప్పాలి.

● కదలికతోపాటు తిండీ చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లకి రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే. ఆవకాయ మానమంటే అలగని పెద్దాయన చిక్కడపల్లిలో ఉంటే చూపించండి!

● మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, ఒంట్లో నీరు చేరడం కావచ్చు. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే గాంధీ ఆస్పత్రి, స్టేషన్లలో లిఫ్టులున్నాయి.