ఏ గుంట నుంచి ఏ గుంటకి?

కండలేరు ఉప్పుటేరు కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని వెంబడి ఉన్న రొయ్యల గుంటలకు నీళ్లు తోడుకునేదీ, వాడిన నీళ్లు వదిలేదీ ఆ ఏట్లోనే. 1994లో తెల్లమచ్చ వైరస్ నెల్లూరు తీరానికి వచ్చినప్పుడు ఈ ఏర్పాటే టైగర్ రొయ్య రైతు కొంప ముంచింది. మేత మానేసిన రొయ్య నీరసంగా గట్టు పక్కకి చేరుతుంది, పెంకు మీద తెల్లచుక్కలు తేలతాయి. ఆపైన మూడు నుంచి పది రోజుల్లో గుంట తుడిచిపెట్టుకుపోతుంది. జబ్బు నీళ్లతో వచ్చిందా, పీత మోసుకొచ్చిందా, హేచరీ పిల్లతోనే దిగిందా? రైతుకు తెలిసేది రొయ్య చచ్చిన తేదీ ఒక్కటే.

1927లో కెర్మాక్, మెకెండ్రిక్ కట్టిన అంటువ్యాధి లెక్కలో ఎవరి నుంచి ఎవరికైనా జబ్బు సోకవచ్చు. ఏటి గట్టున అలా కుదరదు. ఎవరి తూము ఎవరి మోటారుకు ఎగువనుందో చూడాలి.

2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు లెస్కొవెక్ బృందం మరో ప్రశ్న వేసింది: మంచినీటి గొట్టాల్లో విషం కలిస్తే త్వరగా పసిగట్టాలంటే కొద్దిపాటి సెన్సర్లను ఎక్కడ పెట్టాలి? మన భాషలో చెప్పాలంటే, వైరస్‌ను పట్టే పిసిఆర్ పరీక్షలు పదింటికే డబ్బుంటే ఏ పది గుంటలు? మొదటిదాని పక్కనే రెండోది పెడితే కొత్తగా తెలిసేది తక్కువ. పరీక్షలు పెరిగేకొద్దీ ఒక్కో చోటు తెచ్చే కొత్త లాభం తగ్గుతుందే గాని పెరగదు. కాబట్టి నిన్నటి లెక్కలోనే వెనకబడ్డ గుంటను ఈరోజు మళ్లీ లెక్కించనక్కర్లేదు. ఈ బద్ధకపు తెలివితో వాళ్ల పద్ధతి మామూలు పద్ధతికన్నా 700 రెట్ల దాకా వేగంగా నడిచింది.

మూడేళ్లకు గోమెజ్ రోడ్రిగెజ్, లెస్కొవెక్, క్రౌజ్ ఇంకా కష్టమైన పని పట్టారు. దారులే తెలియవు, సోకిన తేదీలే ఉన్నాయి. ఒక పంటలో ఒక గుంట పోయిన రెండ్రోజులకు ఇంకోటి పోతే అది కాకతాళీయం కావచ్చు. పంట పంటకీ అదే జంట, అదే వరసలో పోతుంటే వాటి మధ్య దారి ఉన్నట్టే. అలా ఒక్కో దారినీ చేర్చుకుంటూ పోయే ఈ పద్ధతిని వాళ్లు 17 కోట్ల బ్లాగులు, వార్తల మీద నడిపి, మాట ఎవరి నుంచి ఎవరికి పాకిందో గీశారు.

కండలేరుకు అతికినట్టు సరిపోయే ప్రశ్న ఇదే. చిక్కల్లా తేదీల దగ్గరే. చుక్క కనబడగానే రైతు వ్యాపారికి ఫోన్ చేసి, అందినకాడికి పట్టుబడి చేయించుకుంటాడు. మాట పొక్కితే రేటు పడిపోతుంది. మేతకూ పిల్లకూ తెచ్చిన అప్పు అతని నెత్తిన ఉన్నప్పుడు తేదీ దాచాడని నేనైతే తప్పుపట్టను. నష్టానికి నమ్మకమైన బీమా చూపిస్తే ఆ తేదీని అతనే తెచ్చి రాయిస్తాడు.