ఫలక్‌నుమా వైభవం వెనక వెట్టి

హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్ చూడబోయినవాళ్లకు వినిపించేదంతా వైభవమే. 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల, ఇటలీ పాలరాయి, ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట నమూనాలో కట్టిన గ్రంథాలయం. పాయిగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఈ మేడకు ప్లాను గీసింది ఒక ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. 2010 నుంచి ఇది తాజ్ హోటల్.

ఇంత డబ్బు ఎక్కడిది? పాయిగాలకు సొంత జాగీర్లుండేవి. ఆ ఊళ్ల శిస్తే వాళ్ల సంపద. నిజాం రాజ్యపు ఊళ్లలో శిస్తుతో పాటు వెట్టి కూడా ఉండేది. మాదిగలు చెప్పులు, మోట తోళ్లు కూలి లేకుండా కుట్టివ్వాలి. మాలలు మూటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి. వెట్టికి కూలీ లేదు, లెక్కా లేదు.

ఆ మేడ లేస్తున్న రోజుల్లోనే, 1888లో, భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరంలో పుట్టారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు. ఆ తర్వాత దళిత పిల్లలకు బడులు తెరిచారు. నగర చరిత్ర అంటే ఇది కూడా.

ఇంగ్లండ్‌లో హేర్‌వుడ్ హౌస్ అనే మేడ ఉంది. అది కరీబియన్ బానిసల శ్రమతో వచ్చిన డబ్బుతో కట్టిందని ఇప్పుడు అక్కడివాళ్లే సందర్శకులకు చెబుతున్నారు. మన ప్యాలెస్‌లలో వెట్టి మాట ఎవరు చెబుతారు? చూడబోయే విద్యార్థులు ముందుగా అడగవలసింది అదే.