బీరపాదు పక్కన చంద్రకాంత

మిద్దెతోట వేసినవాళ్లు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే మాట ఇదే: "పాదు నిండా పూలే, కాయ ఒక్కటీ నిలవట్లేదు." ఎరువు చాలలేదేమోనని ఇంకో గుప్పెడు వేస్తారు. దిష్టి తగిలిందేమోనని పాత చెప్పు కూడా కట్టేస్తారు. చాలాసార్లు లోపం వేరే చోట ఉంటుంది. ఆ మేడ మీదికి పుప్పొడి మోసే పురుగు రావడం లేదు.

పాత పెరళ్లలో కూరమొక్కలు ఒకవైపు, పూలమొక్కలు ఒకవైపు అని ఉండేది కాదు. నూతి దగ్గర అరటి, గోడవార కనకాంబరం, బంతి, వాటి సందుల్లోనే వంగ, మిరప, పందిరి మీద చిక్కుడు. పూజకో జడకో పెంచిన పూలు కూరమొక్కలకూ పనిచేసి పెట్టేవి.

వంగపువ్వునే చూడండి. ఊదారంగు రేకుల మధ్య పసుప్పచ్చని పుప్పొడి తిత్తులు నిలబడి ఉంటాయి. ఒక్కోదానికి కొసన సన్నని రంధ్రం, అంతే. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని ఒళ్లు అదరగొడుతుంది. రొద మారుతుంది, ఉప్పుడబ్బా దులిపినట్టు పుప్పొడి రాలుతుంది. టమాటాదీ ఇంచుమించు ఇదే తంతు. తేనెటీగకు ఈ విద్య రాదు. పైగా వంగపువ్వులో తేనె ఉండదు. తుమ్మెద పెరట్లో తిరగాలంటే పక్కన తేనె ఉన్న పూలుండాలి. తలుపు దూలాన్ని తొలుస్తోందని దాన్ని చీపురుతో కొట్టేకంటే, దాని గూటికని పందిరికో ఎండు వెదురుబొంగు కట్టడం మేలు.

బీర, సొర పూలు విచ్చుకునేది సాయంత్రం. వాటికి చీకటిపడ్డాక తిరిగే రెక్కల పురుగులు కావాలి. చంద్రకాంత కూడా సాయంత్రమే పూస్తుంది, ఆ పురుగులను పిలుస్తుంది. అవీ రాకపోతే మనమే చేతులాడించాలి. పువ్వు కింద చిన్న పిందె కనిపిస్తే అది ఆడపువ్వు. పిందె లేని మగపువ్వు ఒకటి తెంపి, రేకులు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి.

ఇక బంతి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటా రైతులకు చెప్పే లెక్క ఒకటుంది: 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి. శనగపచ్చ పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి టమాటాకంటే బంతిమొగ్గనే ఇష్టపడుతుంది. అక్కడ చేరిన పురుగులను ఏరేస్తే సరి. బంతివేళ్లు మట్టిలోని నులిపురుగులనూ అణచిపెడతాయి. పెరట్లో పక్కపక్కన పెరిగే ఈ బంతీ టమాటా రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, పాత ఇరుగుపొరుగే!

చిక్కుడుకు పేనుబంక పట్టే ఇళ్లలో నాలుగు కొత్తిమీర మొక్కలను కోయకుండా పూతకు వదలాలి. ఆ చిన్న తెల్లపూల కోసం అక్షింతల పురుగులు వస్తాయి, పేనుబంకను తినేస్తాయి. అందంగా ఉందని గన్నేరును మాత్రం ఆకుకూరల మడిలోకి తేవద్దు. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే.

బంతీ టమాటా కలిపి వేసేవారికి చివరగా ఒక మాట: టమాటా 25 రోజుల నారుగా ఉన్నప్పుడు బంతి 45 రోజుల నారుగా ఉంటేనే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. కాబట్టి టమాటా విత్తనం చల్లడానికి 20 రోజుల ముందే బంతినారు పోసుకోండి.